ఇరవయ్యేడో మేకు

సమ్మె మొదలైన నాలుగో రోజున మా బడికి తాళం పడింది. ఐదో రోజున మా అత్తమ్మకు పడింది.

అది రెండు వేల పదకొండు సెప్టెంబరు. సకల జనుల సమ్మె. బస్సులు లేవు, బడులు లేవు, కరెంటు చుట్టపుచూపుగా వచ్చి పోయేది. అల్మాస్‌గూడ సర్కారు బడిలో నేను లెక్కల టీచర్ని. తెలంగాణ ఇచ్చేదాకా సుద్దముక్క ముట్టేది లేదని మేమంతా రోడ్డెక్కాం. ఊరేగింపులో ఎంతమంది ఉన్నారో వరసలు గుణించి చెబుతానని తోటి టీచర్లు నన్ను ఆటపట్టించేవాళ్లు. లెక్క తేలకపోతే నాకు అన్నం సయించదు, ఏం చేయను.

ఐదో రోజు నేను దిల్‌సుఖ్‌నగర్ ధర్నాలో ఉండగా, కొత్తపేటలోని మా ఇంట్లోంచి అత్తమ్మ అండాలమ్మ ఎవరికీ చెప్పకుండా బయటికి నడిచింది. డెబ్బై రెండేళ్ల మనిషి. కాళ్లకు చెప్పుల్లేకుండా ఎల్బీనగర్ చౌరస్తా దాకా పోయి, బస్సే రాని బస్టాపులో కూర్చుంది. మా ఆయన, పేరు ఆనందం, దుకాణం మూసి మధ్యాహ్నమంతా వెతికాడు. జామపండ్ల బండామె నీళ్లు తాగించి నీడన కూర్చోబెట్టింది గనక సరిపోయింది.

"ఏడికి పోతున్నవమ్మా?" అని ఆయన అడిగితే, "పోచంపల్లికి. ఆసు నడిమిట్ల ఇడిసిపెట్టి ఒచ్చిన. బస్సు ఒస్తలేదు" అందట.

ఆమె పోచంపల్లి వదిలి అప్పటికే ఆరేళ్లు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఆనందం చేనేత బట్టల దుకాణం పెట్టినప్పుడే ఆమెను వెంట తెచ్చుకున్నాడు.

ఆ సాయంత్రమే ఆయన అరచేతి మందం తాళం తెచ్చి వరండా గ్రిల్లుకు వేశాడు. తాళంచెవి నా చేతిలో పెట్టి, "నువ్వెట్లాగూ సమ్మెల ఉన్నవ్. జర ఇంటిపట్టున ఉండి చూసుకో యాదలక్ష్మీ. ఏమన్నగానీ తాళం తియ్యకు" అన్నాడు. సరేనన్నాను. రాష్ట్రం కోసం రోడ్డెక్కినదాన్ని అలా ఇంట్లో జైలు వార్డరునయ్యాను.

నిజం చెప్పుకోవాలి. ఆరేళ్లు ఒకే ఇంట్లో ఉన్నాం గానీ, ఆమెను పగటి వెలుతురులో నేను చూసింది ఆదివారాలే. పొద్దున ఏడింటికి పోయేదాన్ని, సాయంత్రం ఆరింటికి వచ్చేదాన్ని. రెండేళ్లుగా మతిమరుపు ఎక్కువవుతోందని తెలుసు. వయసన్నాక మామూలే అనుకున్నాం. చుట్టాలూ అదే అన్నారు. అందరూ ఒకే మాట అంటే అది నిజమేననుకోవడం మనకు అలవాటు గదా.

తాళం వేసిన మొదటి రోజు ఆమె గ్రిల్లు దగ్గరికి వచ్చి అడిగింది. "బస్సులొచ్చినయా?"

"రాలేదత్తమ్మా."

పావుగంటకు మళ్లీ వచ్చింది. "బస్సులొచ్చినయా?" పొద్దు గూకేదాకా ఇరవై రెండుసార్లు. నేను లెక్కపెట్టాను. మూడో రోజుకు నాకు విసుగొచ్చింది, నాలుగో రోజుకు విసుక్కున్నందుకు సిగ్గేసింది.

మధ్యాహ్నం గోడకు చేరగిలబడి కూర్చునేది. చూపు ఎక్కడో ఉండేది. అప్పుడు ఆమె కుడిచెయ్యి మెల్లగా లేచేది. ఒంటి దగ్గర్నుంచి పైకీ దూరంగానూ పోయి, మళ్లీ వెనక్కి వచ్చేది. మళ్లీ పోయేది. చేతిలో ఏమీ లేదు, ముందూ ఏమీ లేదు. మొదటిసారి చూసినప్పుడు నాకు భయమేసింది.

ఆ రోజు అన్నానికి వచ్చిన ఆనందం గుమ్మంలోనే ఆగిపోయాడు. గబగబా పోయి ఆమె ముంజేయి పట్టుకుని ఒళ్లో పెట్టాడు. "అమ్మా, చెయ్యి దించు. ఇగ పోసుడు లేదు, ఏం లేదు. దించమ్మా."

"ఏందది?" అన్నాను.

"ఆసు. లేని ఆసు పోస్తుంది."

మాదీ సాలెల ఇల్లే గానీ, మా తాత కాలంలోనే మగ్గం వదిలేసి ఉద్యోగాల్లో పడ్డాం. పోచంపల్లికి పోయేది పండగలకే, అప్పుడు పని ఆపేసి ఉండేవాళ్లు గనక, ఆసు పేరు వినడమే తప్ప పోస్తుంటే చూడలేదు. ఆనందమే చెప్పాడు. అర్ధచంద్రం లాంటి చెక్క. దాని అంచు వెంట వరసగా మేకులు. ఎదురుగా ఒక్క మేకు. చీర మీద బొమ్మ రావాలంటే ముందు దారాన్ని ఆ ఒక్క మేకు నుంచి ఈ వరస మేకులకు తిప్పి తిప్పి పోయాలి. ఆ తర్వాతే ముడులు కట్టడం, రంగులో ముంచడం. పోసేది ఆడవాళ్లు.

"చీరెకు తొమ్మిదివేల సార్లు చెయ్యి లేపాలె. రెండు చీరెలు పోసిన్నాడు బుక్క నోట్లె పెట్టుకోనీకి మా అమ్మకు చెయ్యి లేచేది గాదు. నేనే తినిపిస్తుంటి." తల్లి ముంజేయి నిమిరాడు. "పట్నం తీసుకొచ్చిన్నాడు మాటిచ్చిన. ఇగ నువ్వు చెయ్యి లేపే పని లేదమ్మా అని."

మాట నిలబెట్టుకున్నాడు కూడా. ఆమె ఉల్లిగడ్డ కోసింది లేదు, కూర గిల్లింది లేదు. గిన్నె తీయబోతే ఇద్దరం పరుగెత్తేవాళ్లం. తల్లిని కాలు కింద పెట్టనీయని కొడుకని వాడకట్టంతా మెచ్చుకునేది. నేనూ గర్వపడేదాన్ని.

మర్నాడు ఆమె చెయ్యి లేచినప్పుడు నేను దించలేదు. పక్కన కూర్చుని చూశాను. కాస్త చూసేసరికి లెక్కల మనిషికి నిద్ర ఎగిరిపోయింది. చెయ్యి ఊరికే ఆడటం లేదు. ఒకేచోటికి నాలుగుసార్లు పోయి వస్తోంది. తర్వాత వేలెడు పక్కకు జరిగి మళ్లీ నాలుగుసార్లు. చాలాసేపటికి వంపు చివరికి చేరి, కాసేపు ఆగి, మొదటి చోటికి వచ్చింది. డబ్బాలోంచి గుప్పెడు శనగలు తెచ్చుకుని, చోటు మారినప్పుడల్లా ఒకటి నేల మీద పెట్టాను. వంపు చివరికి నలభై నాలుగు శనగలయ్యాయి. మళ్లీ లెక్కపెట్టాను, నలభై నాలుగు. మూడోసారీ అంతే.

నాలుగోసారి ఇరవయ్యేడు దగ్గర ఉండగా వీధిలోంచి డప్పులతో ఊరేగింపు వచ్చింది. ఆమె ఉలిక్కిపడి చెయ్యి దించేసింది. గ్రిల్లు దగ్గరికి పోయింది, బస్సులొచ్చినయా అని అడిగింది. నేను అన్నం పెట్టాను, తిన్నది. చెయ్యి కడుక్కుని వచ్చి గోడకు చేరగిలబడింది. రెండు నిమిషాలు గడిచాయో లేదో, "బిడ్డా, నేను బువ్వ తిన్ననా?" అంది.

"తిన్నవత్తమ్మా."

"ఆఁ?"

గట్టిగా చెప్పాను. తలూపింది. తర్వాత కుడిచెయ్యి లేచింది. మొదటి చోటికి పోలేదు. వంపు సగం దాటి, ఎక్కడ వదిలిందో దాని పక్కకే పోయింది. నేల మీది ఇరవయ్యేడు శనగల పక్కన నేను ఒక్కొక్కటే పెట్టుకుంటూ పోయాను. పదిహేడు దగ్గర చెయ్యి ఆగింది.

ఇరవయ్యేడూ పదిహేడూ కలిపితే నలభై నాలుగు. ఒకటో తరగతి కూడిక. ఆ కూడిక చూసి నా కళ్లలో నీళ్లు తిరిగాయి. తిన్న అన్నం గుర్తులేదు. లేని మేకుల్లో ఇరవయ్యేడో మేకు గుర్తుంది! ఇరవై ఏళ్లుగా పిల్లల బుర్రలకు మార్కులు వేసిన నాకు, బుర్ర అంటే ఏమిటో ఓనమాలు కూడా తెలియవని ఆ మధ్యాహ్నం తెలిసొచ్చింది. ఆమె పాదాలకు దండం పెట్టాలనిపించింది. పెట్టాను కూడా. ఎందుకు పెడుతున్నానో తెలియకపోయినా, "సల్లగుండు బిడ్డా" అంది.

ఎవరికైనా చెప్పకపోతే నిలవలేననిపించింది. ఎదురింటి జోగారావు గారు వరండాలో పేపరు చదువుకుంటున్నారు. తణుకు వైపు మనిషి, బ్యాంకులో చేసి రిటైరయ్యారు, భార్య పోయి మూడేళ్లు. ఉద్యమం వేడెక్కాక ఆయన వీధిలో మాట్లాడటమే తగ్గించారు. నేను గ్రిల్లు లోపలి నుంచే శనగల సంగతి చెప్పాను. ఆయన పేపరు మడిచి లేచొచ్చారు.

"చూడండి టీచర్ గారూ, మీ ఇంటి విషయంలో నేను చెప్పకూడదు. కానీ చెప్పకుండా ఉండలేకపోతున్నాను" అన్నారు. "మా ఆవిడ పొయ్యి మీద పాలు మర్చిపోతోందని చేతిలో గరిటె లాగేసుకున్నాం. గుడికెళ్లి దారి తప్పిందని గుడి మానిపించాం. అన్నీ ఆవిడ మంచికేనండి. ఏడాది తిరక్కుండా మంచం పట్టేసింది. అలా చెయ్యకపోతే జబ్బు ఆగేదని నేననను. కానీ పడబోయే మనిషిని మేమే తోసేశామేమోనని నాకిప్పటికీ అనిపిస్తుందండి." తర్వాత మెల్లగా, "ఆవిణ్ణి చూసిన డాక్టరమ్మ దిల్‌సుఖ్‌నగర్‌లోనే ఉంది. ఒక్కసారి చూపించండి" అన్నారు.

రాత్రి అన్నం దగ్గర చెప్తే ఆనందం మొహం ముడుచుకున్నాడు. "ముసలితనంల అందరికి అయ్యేదే. దానికి దవాఖాన్ల తిప్పుడెందుకు? గాయన మాట మనకెందుకు? రాష్ట్రం గురించి ఒక్క మాట మాట్లాడడు, మనింటి గురించి మాట్లాడుతడా?"

"మాట్లాడింది మనింటి గురించి గాదు. వాళ్లింటి గురించి" అన్నాను.

ఆయన కంచంలో చెయ్యి కడుక్కుని లేచిపోయాడు. పెళ్లయిన పద్దెనిమిదేళ్లలో ఆయనకు తెలియకుండా నేను చేసిన మొదటి పని మర్నాడు పొద్దున తాళం తీసి, అత్తమ్మను ఆటో ఎక్కించడం.

డాక్టరమ్మ చిన్న మనిషి, తొందరలేని మనిషి. ఇది ఏ సంవత్సరమని అడిగింది, అత్తమ్మ చెప్పలేదు. ఏ నెలంటే, "బతుకమ్మొచ్చే నెల" అంది ధీమాగా. మూడు మాటలు చెప్పి కాసేపాగి అడిగితే ఒక్కటీ రాలేదు. గడియారం బొమ్మ గీయమంటే పెన్ను పట్టుకుని నా వైపు చూసింది. తర్వాత డాక్టరమ్మ బీపీ చూసి పెదవి విరిచింది. వెనక నిలబడి మెల్లగా పిలిచింది, అత్తమ్మ తిరగలేదు. గట్టిగా పిలిచింది, అప్పుడు తిరిగింది.

"మగ్గాల మధ్యన ఎన్నేళ్లున్నరు?"

"యాభై ఏళ్లు" అన్నాను.

"చెవులు సగం పోయినయి. బీపీ ఎన్నేళ్లుగా ఉన్నదో ఏమో. మాట వినబడకపోతే మనిషి మాట్లాడుడు తగ్గుతది. మాట తగ్గితే మెదడుకు పని తగ్గుతది." రాసుకుంటూ అడిగింది. "ఇంట్ల ఏం పని చేస్తరు?"

"ఏం చెయ్యనియ్యం మేడం."

పెన్ను ఆగింది. ఆమె తలెత్తి నా వైపు చూసింది. తిట్టినా బాగుండేది.

"పోయినదాన్ని తెచ్చిచ్చే మందు నా దగ్గర లేదమ్మా" అంది చివరికి. "ఉన్నదాన్ని వీలైనన్ని రోజులు నిలబెట్టుకోవచ్చు. ఎన్ని రోజులంటే చెప్పలేను. బీపీ గోలి తప్పొద్దు. చెవికి మిషన్ పెట్టిద్దాం. రోజూ నడవాలె, నలుగురిల కూసోవాలె. చేతికీ బుర్రకీ కలిసి పనుండాలె, అది ఆమెకు ఇష్టమైన పనైతే ఇంకా మంచిది. తాళం మాత్రం తీసెయ్యండి. తోడు పెట్టండి." అని ఆగి, "గిది ఆమెకే గాదు, మీకూ నాకూ గూడ. ముసలైనంక మొదలుపెట్టేది గాదు" అంది.

ఆటోలో వస్తుంటే శనగలు గుర్తొచ్చాయి. ఇంట్లో ఆమెకు ఇష్టమైన పని లేదు గనక, గాలిలో పెట్టుకుంది.

ఇంటికి చేరలేదు మేము. ఎల్బీనగర్ చౌరస్తాలో వంటావార్పు అని ఆనందం రెండు రోజులుగా అంటున్నాడు. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి, వండుకుని, తిని నిరసన తెలిపే కార్యక్రమం. కుమ్మరులు సారెతో, గీతకార్మికులు మోకుతో వస్తున్నారు. పద్మశాలి సంఘం వాళ్లు పోచంపల్లి నుంచి ట్రాలీలో మగ్గం తెస్తున్నారు. ఆటోవాణ్ణి అటే పొమ్మన్నాను.

చౌరస్తా నిండా జనం, పొగ, పాటలు. నడిరోడ్డు మీద మగ్గం, దాని పక్కన ఆసు. దాని ముందు పాతికేళ్ల పిల్ల కూర్చుని పోస్తోంది. ఇప్పుడు ఊళ్లో ఆసుకు మిషన్లు వచ్చేశాయి. చేత్తో పోయడం ఆ పిల్లకు కొత్త. దారం రెండుసార్లు తెగింది, నవ్వుకుంటూ ముడేసుకుంది.

అత్తమ్మ నా చెయ్యి వదిలించుకుంది. "ఓ పిల్లా, మేకు దాటేసినవ్. ఆడ, ఆడ. దాని యెనకది."

పిల్ల వెతికి చూసుకుంది. నిజంగానే దాటేసింది. "నువ్వు పోస్తవా అవ్వా?" అని సరదాగా లేచింది.

అత్తమ్మ చీర కుచ్చెళ్లు సర్దుకుని కూర్చుంది. తప్పు పోసిన దారాన్ని మొదటి మేకు దాకా విప్పింది. ఒక్కసారి వరస మేకుల మీద వేలి కొసలు పోనిచ్చింది. తర్వాత చెయ్యి లేచింది.

గోడ పక్కన గాలిలో మెల్లగా తేలిన ఆ చెయ్యి, ఆ రోజు చౌరస్తాలో దారం దొరికాక ఎంత వేగంగా పోయిందో! చూపు మేకుల మీద కూడా లేదు. పక్కామెతో ఏదో మాట్లాడుతోంది, నవ్వుతోంది, చెయ్యి మాత్రం తన దారిన తాను పోతోంది. నాలుగు పోగులు, మేకు మారడం. నాలుగు పోగులు, మేకు మారడం. ముందు వరసలో నినాదాలిస్తున్న కాలేజీ పిల్లలు ఒక్కొక్కరే చల్లబడి చుట్టూ చేరారు. నా నోట లెక్క దానంతటదే వస్తోంది. నలభై నాలుగో మేకు దగ్గర ఆమె చెయ్యి ఆగింది. వరసలో ఆ తర్వాత మేకు లేదు.

అప్పుడు ఆనందం కనిపించాడు. భుజాన నీళ్ల క్యాను ఉంది. తల్లిని చూశాడు, నన్ను చూశాడు. క్యాను కింద పడేసి జనాన్ని తోసుకుంటూ ఆమె చెయ్యి పట్టుకోవడానికి వచ్చేశాడు. ఆయన చెయ్యి చాచనే చాచాడు.

అత్తమ్మ తలెత్తలేదు. "ఊకె నిలబడ్డవేంది? దారం చుట్ట పట్టు. చిక్కుపడుతున్నది" అంది.

చాచిన చెయ్యి కొంచెంసేపు అలాగే ఉంది. తర్వాత ఆయన రోడ్డు మీద చతికిలబడి దారం చుట్ట పట్టుకున్నాడు. చిన్నప్పుడు పట్టిన అలవాటేమో, వేళ్ల మధ్య దాన్ని తిప్పుతూ ఎంత కావాలో అంతే వదులుతున్నాడు. చాలాసేపటికి అడిగాడు. "అమ్మా, చెయ్యి గుంజుతలేదా?"

"గుంజుతది. గుంజకుంటే అది చెయ్యెందుకైతది?"

జనం ఘొల్లున నవ్వారు. ఆనందం నవ్వలేదు. తల వంచుకుని దారం వదులుతూనే ఉన్నాడు. ఆయన కళ్ల నుంచి కారుతున్నది పొయ్యిల పొగ వల్ల కాదని నాకు తెలుసు.

మహిమలేమీ జరగలేదు. ఆసు ముందు నుంచి లేచిన మరుక్షణమే ఆమె నా వైపు తిరిగి, "బస్సులొచ్చినయా?" అంది. ఎక్కడ ఉన్నామో, ఎందుకు వచ్చామో గుర్తులేదు. ఇంటికి పోయేదాకా ఆరుసార్లు అడిగింది. ఈసారి నాకు విసుగు రాలేదు.

దసరా వెళ్లాక ఆనందమే పోచంపల్లి పోయి, చుట్టాల అటక మీద పడున్న ఆమె పాత ఆసు తెచ్చాడు. మా ముందుగదిలో పెట్టాడు. దుకాణంలోంచి ఆమె ఇష్టమొచ్చిన రంగు నూలు తెచ్చి ముందు పోశాడు. రోజుకు గంటే పోయాలని మాట, భుజానికి నూనె మర్దన ఆయన వంతు. గ్రానైటు నేల మీద ఆసు జారిపోతోందని బరువు కోసం వెతికి, చివరికి గ్రిల్లు తాళాన్నే తీసుకొచ్చి దాని కాలికి కట్టాడు. పొద్దున్నే నడక జోగారావు గారి వంతు. ఆయనను పిలవడానికి ఆనందమే ఎదురింటి మెట్లెక్కాడు. ఏం మాట్లాడుకున్నారో నాకు చెప్పలేదు గానీ, రెండు గ్లాసుల చాయ్ లోపలికి పోవడం చూశాను. ఆయన గోదావరి యాస అత్తమ్మకు అర్థంకాదు, ఈమె మాట ఆయనకు సగమే తెలుస్తుంది. చెవి మిషను ఇంకా రాలేదు. అయినా ఇద్దరూ రైతుబజారు దాకా పోయి కూరలు ఏరుకుని, మాట్లాడుకుంటూనే వచ్చేవాళ్లు.

మధ్యాహ్నాలు వాడకట్టులోని ఇద్దరు ఆడవాళ్లు ఆసు నేర్చుకుంటామని వచ్చి కూర్చునేవాళ్లు. నేనూ కూర్చున్నాను. పదమూడో మేకు దగ్గరే తప్పేదాన్ని. "గింత సదువుకున్నవ్, లెక్క రాదా?" అని ఆమె మొట్టికాయ వేసేది.

సమ్మె విరమించాం. రాష్ట్రం రాలేదు, దానికింకా చాలా ఉంది. బడి తెరిచిన రోజు పొద్దున చీర మార్చుకుని సంచి భుజాన వేసుకున్నాను. పగలు తోడుంటామని ఆసు నేర్చుకునే ఆడవాళ్లు మాటిచ్చారు గానీ, నా కాళ్లు గడప దాటలేదు. గ్రిల్లు బార్లా తెరిచి ఉంది. నెల తర్వాత మొదటిసారి బస్సు హారన్ మెయిన్ రోడ్డు మీద నుంచి మా ఇంట్లోకి వినిపించింది. అత్తమ్మకూ వినిపించినట్టుంది. ఆసు ముందు కూర్చున్నదల్లా తలెత్తింది.

"బస్సులొచ్చినయా?"

నెల రోజులుగా లేదని చెప్పడం సులువు. ఇప్పుడు అబద్ధం చెప్పనా, నిజం చెప్పి ఆమె వెనకాల ఎల్బీనగర్ దాకా పరుగెత్తనా? ఆనందం దుకాణం తాళాలు పట్టుకుని గుమ్మంలో కొయ్యబారిపోయాడు.

"ఒచ్చినయ్ అత్తమ్మా" అన్నాను.

ఆమె తెరిచిన గ్రిల్లు వైపు చూసింది. చేతిలోని దారం వైపు చూసింది.

"రానీ తియ్" అంది. "నేనిప్పుడేడికి పోత? నడిమిట్ల ఉన్న."

చెయ్యి లేచి తర్వాతి మేకుకు పోయింది.